హాగ్‌వాలో మహారాణి

హాగ్‌వాలో అనే తమ ఊరి పేరుకూ పందులకూ ఎటువంటి సంబంధమూ లేదని కౌన్సిలర్ క్లెమెంట్ పిల్‌బ్రో గారు మంగళవారం ఉదయం చర్చి హాల్లో ప్రకటించారు. ఊరంతా కలిపి పదకొండు ఇళ్ళు, పదిహేడు మంది మనుషులు. అందులో తొమ్మిది మంది హాజరు కావడంతో సభ దిగ్విజయమైంది.

"హాగ్ అంటే పంది. వాలో అంటే అది పొర్లే బురదగుంట. ఇంకేం కావాలి?" అన్నాడు రెజ్ కొప్పార్డ్. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే పందుల్ని పెంచుతున్నవాడు కాబట్టి అతని మాటను ఎవరూ లెక్కచేయలేదు.

"అది ఇప్పటి ఇంగ్లీషు," అన్నారు కౌన్సిలర్ గారు జాలిగా. "వెయ్యేళ్ళ కిందట హోగ్విన్ మహారాణి ఇటు వెళ్తూ ఆగి మంచినీళ్ళు తాగారు. హోగ్విన్ లోయ అన్న పేరు జనం నోళ్ళలో నలిగి హాగ్‌వాలో అయింది."

ఎనిడ్ థ్రస్సెల్ కుర్చీలో ఇబ్బందిగా కదిలింది. ఊరి చరిత్ర సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు, కార్యదర్శి, మిగిలిన ఏకైక సభ్యురాలు కూడా. చర్చి పాత దస్తావేజులు నలభై ఏళ్ళుగా చదువుతోంది. వాటిల్లో పేజీకో పంది ఉంది. మహారాణి ఎక్కడా లేదు.

సభ అయ్యాక కౌన్సిలర్ గారు ఆవిడ పక్కన కూర్చున్నారు.

"మన ఊరికి గురువారం గురువారం వచ్చే బస్సును కౌన్సిల్ వాళ్ళు తీసేస్తున్నారు, మిసెస్ థ్రస్సెల్. చారిత్రక గ్రామమైతే మాత్రం ముట్టుకోరట. రాణిగారు ఇక్కడ ఆగారని చరిత్ర సంఘం తరఫున మీరొక్క సంతకం పెడితే చాలు."

"రాణిగారు నీళ్ళు తాగినట్టు నేనెలా సంతకం పెట్టను? నేను చూళ్ళేదు కదా."

"తాగలేదని మీ దగ్గర ఆధారముందా?"

లేదు. ఉన్నదల్లా చెల్లెలు మేబెల్. పట్నంలో వృద్ధాశ్రమంలో ఉంటుంది. మనుషుల్ని మర్చిపోయింది గానీ, అక్క తప్ప ఇంకెవరు దువ్వెన పట్టుకున్నా ఏడుస్తుంది. ఎనిడ్ ప్రతి గురువారం బస్సెక్కి వెళ్ళి చెల్లెలి తల దువ్వి వస్తుంది.

సంతకం పెట్టింది. ఆ వారమంతా చర్చి దస్తావేజుల బీరువా వైపు చూడలేదు.

ఆ తరవాత చరిత్ర చురుగ్గా సాగింది. జూన్‌లో అచ్చయిన కరపత్రంలో మహారాణి నీళ్ళు తాగడమే కాక ప్రార్థన కూడా చేశారు. జూలైలో ఒక గుడ్డివాడికి చూపు తెప్పించారు. ఆగస్టు నాటికి ఈ నేల మీదే ప్రాణత్యాగం చేశారు. ఎవరి కోసమో రాయడానికి కాగితంలో చోటు చాల్లేదు.

రెజ్ పందులు పొర్లే బురదగుంట చుట్టూ కౌన్సిలర్ గారు కంచె వేసి 'రాణీ స్నానఘట్టం' అని బోర్డు పెట్టారు.

"మరి నా పందులో?" అన్నాడు రెజ్.

"అవి చరిత్రకు అడ్డం," అన్నారు కౌన్సిలర్ గారు.

రెజ్ తన పందుల్ని వ్యానెక్కించి పక్క జిల్లాకు మకాం మార్చాడు. జనాభా పదహారయింది.

రాణిగారి పేర చెక్కించిన శిలాఫలకం ఆవిష్కరణకు ఎనిడ్‌ను ముందు వరసలో కూర్చోబెట్టి కేకు పెట్టారు. ఆ పై గురువారం ఆవిడ కోటు వేసుకుని బస్సు కోసం గంటన్నర నిలబడింది. బస్సు రాలేదు. ఇంటికొచ్చి ఫోన్ చేసింది.

"అంత పురాతనమైన వీధిలోకి బస్సేమిటండీ?" అన్నారు కౌన్సిలర్ గారు నొచ్చుకుని. "రాళ్ళు అదిరిపోవూ?"

ఎనిడ్ బీరువా తీసింది. పందులున్న పేజీలన్నీ నకలు రాసింది. రాణి లేదు, గీణి లేదు, నేను అబద్ధం మీద సంతకం పెట్టాను, మా బస్సు మాకిచ్చేయండి అని జాబు రాసి కౌన్సిల్‌కు పంపింది.

కౌన్సిల్ వారు ఎంతో మర్యాదగా వారం లోపే జవాబిచ్చారు.

"మీ ఫిర్యాదు క్షుణ్ణంగా పరిశీలించాము. నిపుణులు నిర్ధారించిన చరిత్రను ఒక సాధారణ నివాసి అభిప్రాయం మీద మార్చలేమని తెలియజేయడానికి చింతిస్తున్నాము. ఈ విషయమై మీకింకా సందేహాలుంటే, ప్రముఖ చరిత్రకారిణి శ్రీమతి ఎనిడ్ థ్రస్సెల్ గారిని సంప్రదించగలరు."