చర్చి కుర్చీలు, పచ్చి కాంక్రీటు

ఆ గురువారం పొద్దున వెర్లిన్ టోస్ట్రుడ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాంక్రీటు లారీ వస్తుంది. గ్యారేజీ ముందు కార్లు నిలిపే దారి కొత్తగా పోస్తారు. వాళ్ళు వెళ్ళాక ఆయన సాయంత్రం దాకా దానికి కాపలా కాస్తాడు. అంతే. మిన్నెసోటా చలిలో ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడిపీ నడిపీ అలిసిపోయిన మనిషికి అంతకంటే పెద్ద ప్లాను వేసే ఓపిక లేదు.

కానీ ఆ చిన్న ప్లాను మీదే ఆయన కాపురం ఆధారపడి ఉంది. పాత దారి పోసిన ఏడాదే బీటలు వారింది. చలికాలం రాగానే బీటల్లోకి నీళ్ళు దిగి, గడ్డకట్టి, ఇంకాస్త చీల్చేవి. మంచు కరిగాక వెర్లిన్ ఏదో ఒకటి పూసి మూసేవాడు. మళ్ళీ చలికాలం వచ్చేది. కిందటిసారి భార్య డార్లిస్ ఆ బీటలో కాలు ఇరుక్కుని పడి, మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పటినుంచీ ఆవిడది ఒకటే పాట.

"మా చెల్లెలి ఊళ్ళో ఫ్లాటు చూసొచ్చా. సోమవారం సంతకం పెడతానని చెప్పా. ఈలోగా ఆ దారి నున్నగా, మచ్చ లేకుండా వేయించావా, సరే, ఉంటా. లేదంటే నీ ఇల్లూ నీ బీటలూ నువ్వే ఏలుకో!"

"కాంక్రీటు మీద కోపంతో ఇల్లు వదిలేస్తారటే ఎవరైనా?"

"కాంక్రీటు ఒక్కటేనా? ముప్ఫై ఏళ్ళయింది ఈ వీధికొచ్చి. విరిగిన చేతికి కట్టుతో వీళ్ళందరి ముందూ తిరిగా. ఏమ్మా, ఏమైంది అని ఒక్కళ్ళయినా అడిగారా?"

అడగరు. అది మా ఊరి మర్యాద. పక్కింటి సంగతి తెలియనివాళ్ళు ఇక్కడెవరూ లేరు గానీ, నోరు తెరిచి అడగడం మాత్రం మహాపాపం. డార్లిస్ పక్క రాష్ట్రం అయోవా నుంచి కాపురానికొచ్చిన మనిషి. ఈ ఊరి చలి అలవాటైంది గానీ ఈ మర్యాద మాత్రం ఆవిడకు మింగుడుపడలేదు.

పాత దారి పగలగొట్టే మోత భరించలేక ఆవిడ రెండు రోజుల ముందే చెల్లెలింటికి వెళ్ళిపోయింది. గురువారం సాయంత్రం వస్తానని చెప్పింది.

లారీ అనుకున్న వేళకే వచ్చింది. కాంక్రీటు మేస్త్రీ కర్ట్ పని పూర్తి చేసి, మబ్బు పట్టిందని పైన బూడిదరంగు ప్లాస్టిక్ పట్టా కప్పాడు.

"పెద్దాయనా, చలికి ఇది తొందరగా గట్టిపడదు. ఇవాళ దీని మీద పిల్లి కూడా నడవకూడదు. కారు సంగతి వారం దాకా మర్చిపోండి. చుట్టూ ఏదైనా అడ్డం పెట్టుకోండి, నా దగ్గరున్నవి ఇంకో ఇంటి దగ్గర పెట్టేశా."

అడ్డానికి ఏం పెట్టాలా అని వెర్లిన్ ఆలోచించాడు. చర్చి తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. వెళ్ళి నేలమాళిగలోని మడత కుర్చీలన్నీ తన పికప్పు బండిలో వేసుకొచ్చి, దారి చుట్టూ వరుసగా నిలబెట్టి, పురికొసతో కట్టేశాడు. గ్యారేజీలో ఉండాల్సిన కారూ, పడవా ముందే వీధిలోకి చేరాయి. వాటి వెనకే పికప్పు నిలిపాడు.

ఎదురింటి లవోన్ కిటికీ తెర సందులోంచి ఇదంతా చూసింది. చర్చి వంటల కమిటీకి ఆవిడే పెద్ద. మా ఊళ్ళో చర్చి కుర్చీలు గడప దాటేది రెండింటికే, పెళ్ళికీ చావుకీ. టోస్ట్రుడ్ల ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లలు లేరు. వీధిలో బండ్లు బారులు తీరాయి. డార్లిస్ రెండు రోజులుగా కనబడలేదు. వెర్లిన్ మొహం చూస్తే పీక్కుపోయి ఉంది. రోడ్డు దాటి ఒక్క మాట అడిగితే సరిపోయేది. లవోన్ కళ్ళు తుడుచుకుని పొయ్యి వెలిగించింది.

కాసేపటికి వేడి వేడి హాట్‌డిష్‌తో వచ్చింది. మాంసం, సూపు, పైన బంగాళదుంప ముక్కలు. మా ఊళ్ళో దుఃఖమొచ్చినవాళ్ళకు పెట్టేది అదే.

"నువ్వేం చెప్పక్కర్లేదు వెర్లిన్. ఇది తిను."

"ఎందుకమ్మా నీకు శ్రమ?"

"శ్రమేముంది?"

"ఇంట్లో ఉందిలే."

"ఉంటుందని తెలుసు. అయినా తిను."

రెండుసార్లు వద్దని మూడోసారి పుచ్చుకోవడం పద్ధతి గనుక వెర్లిన్ పుచ్చుకున్నాడు. భార్య ఊళ్ళో లేక పస్తున్నానని తెచ్చిందనుకున్నాడు. ఎందుకు తెచ్చావని అడగొచ్చు. కానీ ఆయనా మా ఊరివాడే.

ఆ తర్వాత ఇంకో గిన్నె వచ్చింది. ఇంకోటి వచ్చింది. తెచ్చినవాళ్ళు తలా ఒకసారి ఆయన భుజం తట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. కొత్త దారి వేయించుకోవడం ఇంత జాలిపడాల్సిన విషయమని ఆయనకు అప్పటిదాకా తెలియదు. ఒక పళ్ళెం నిండా తిని, అయిదు నిమిషాలు నడుం వాలుద్దామని సోఫా మీద ఒరిగాడు. తెల్లవారకముందు లేచిన ఒళ్ళు. గురక వీధిలోకి వినబడింది.

సాయంత్రానికి లవోన్ ఫోన్లు చేసి అందరినీ పోగేసింది. పాస్టరు గారూ వచ్చారు. ఆయన కూడా ఎప్పుడు పోయింది, ఎలా పోయింది అని అడగలేదు.

"పాపం, కుర్చీల కట్లు విప్పే ఓపిక కూడా లేకపోయింది మనిషికి," అంది లవోన్, పురికొస తెంపుతూ.

"అయినా చూడండి, మన బూట్లకు బురదవుతుందని పట్టా ఎలా పరిచాడో," అన్నాడు పశువుల డాక్టరు హార్లన్.

ఆ పట్టా మీదే వరసలుగా కుర్చీలేసుకుని అందరూ కూర్చున్నారు.

హార్లన్ భారీ మనిషి. మొదట ఆయన కుర్చీ వెనక కాళ్ళు దిగబడ్డాయి. ఆకాశం వైపు తిరిగిన మొహంతో ఆయన అలాగే పాట అందుకున్నాడు. తర్వాత పాస్టరు గారి భార్య ఎడమవైపుకి ఒరిగింది. ఒక్కొక్కరే తలా ఒక దిక్కుకి వాలిపోతున్నారు. చావు ఇంటికొచ్చి కుర్చీ బాగాలేదని ఎవరంటారు?

పాటకు వెర్లిన్‌కు మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూశాడు. ఊరు ఊరంతా తన పచ్చి కాంక్రీటు మీద కూర్చుని ఉంది. అరుద్దామని నోరు తెరిచాడు. ఈలోగా పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన మధ్యలో అరిచినవాడు మా ఊళ్ళో ఇంతవరకూ లేడు. పక్క గుమ్మంలోంచి బయటికొచ్చి, టోపీ తీసి, ఏడుపు మొహంతో నిలబడ్డాడు.

"ప్రభువా, మా డార్లిస్ ఆత్మకు శాంతినివ్వు," అన్నారు పాస్టరు గారు.

వెర్లిన్ గుమ్మం పట్టుకున్నాడు. దారిలో ఏదో ప్రమాదం జరిగింది! ఆ కబురు తనకు చెప్పడానికే వీళ్ళంతా వచ్చారు! అందుకేనా ఆ గిన్నెలు! కాంక్రీటు సంగతి మనసులోంచి పూర్తిగా పోయింది. ఫ్లాటుకైనా వెళ్ళిపోతే బాగుండేది కదే, బతికుండేదానివి కదే అనుకుంటూ టోపీలో మొహం దాచుకుని ఏడ్చాడు.

అప్పుడు లవోన్ లేచింది.

"చెయ్యి విరిగినప్పుడు రోజూ పొద్దున్నే మా కిటికీలోంచి చూసేదాన్ని. డార్లిస్ వంటింట్లో దీపం వెలిగితేగానీ నేను కాఫీ ముట్టేదాన్ని కాదు. వెళ్ళి ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోయేది?"

"వెర్లిన్ బండి మీద ఉన్నప్పుడు వాళ్ళ వాకిట్లో మంచు నేనే తీసేవాణ్ణి," అన్నాడు హార్లన్ ఆకాశంతో. "తెల్లవారకముందే వెళ్ళిపోయేవాణ్ణి. థాంక్స్ చెప్తుందేమోనని భయం."

వెర్లిన్ కన్నీళ్ళు తుడుచుకుని తలెత్తాడు. ఆఖరి వరసలో, చేతిలో కాఫీ కప్పుతో, కుడివైపుకి బాగా ఒరిగిపోయి డార్లిస్ కూర్చుని ఉంది.

"డార్లిస్!"

మా ఊళ్ళో అంత గట్టిగా ఎవరూ అరిచి ఎరగరు. అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు.

"నువ్వు... నువ్వు బతికే ఉన్నావా?"

"నువ్వే పోయావనుకుని గుండాగిందయ్యా నాకు! కాళ్ళాడక ఇక్కడ కూలబడితే ఎవరో కాఫీ చేతిలో పెట్టారు, మొహం కూడా చూడకుండా. తీరా వింటే పోయింది నేనట!" డార్లిస్ ముక్కు చీదుకుంది. "లవోన్, ఆపావేం? ఆ దీపం సంగతి ఇంకోసారి చెప్పు."

లవోన్ ఎర్రబడిపోయి కూర్చుంది. కాసేపటికి అందరూ లేచి, వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడుకుని వెళ్ళిపోయారు. కుర్చీలు మాత్రం ఎక్కడివక్కడే పాతుకుపోయి నిలబడ్డాయి.

మర్నాడు కర్ట్ వచ్చి, కుర్చీలు పెరికి, కింద మిగిలిన గుంటలు చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఇది మొత్తం పగలగొట్టి మళ్ళీ పొయ్యాల్సిందే."

"దీని మీద చెయ్యి పడిందంటే ఊరుకోను," అంది డార్లిస్. పొద్దున్నే చెల్లెలికి ఫోన్ చేసి ఫ్లాటు వద్దని చెప్పేసింది.

"ఆ గుంటల్లో నీళ్ళు నిలిచి, చలికి పగులుతుందమ్మా. ఏటా చలికి ముందు ప్రతి గుంటలోనూ నీళ్ళు దిగకుండా సీలరు మందు పొయ్యాలి."

"పోస్తాడు," అంది డార్లిస్.

వెర్లిన్ నిట్టూర్చాడు. ఆ పని ఇప్పటికీ చేస్తూనే ఉన్నాడు. ఆకులు రాలే రోజుల్లో డబ్బా పక్కన పెట్టుకుని, ఇంటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి ఒక్కో గుంటా మూస్తుంటాడు. దారినపోయేవాళ్ళు చూసి, ఏమైందని అడగడం మర్యాద కాదు గనుక, ఇంటికెళ్ళి హాట్‌డిష్ వండి తెస్తారు.