బార్లీ నీళ్ల దీక్ష

ఇకపై ఒక్క చుక్క విదేశీ విస్కీ కూడా ఈ దేశంలో అడుగుపెట్టదని వాణిజ్య మంత్రి డంబర్ ధ్వజ్ కార్కీగారు మా సిమల్‌గంజ్ గంటస్తంభం దగ్గర ప్రకటించారు. బంతిపూల దండల్లో ఆయన గడ్డం కూడా కనిపించలేదు. సరిగ్గా అప్పుడే ఊరవతల కస్టమ్స్ గోదాములో విదేశీ విస్కీ పీపాలు రైలు దిగుతున్నాయి. ఇందులో మంత్రిగారి తప్పేమీ లేదు. ఆయన ఉపన్యాసం వినకముందే అవి ఓడ ఎక్కేశాయి.

పీపాలు మంత్రిగారి తోడల్లుడు కేదార్‌మాన్‌గారివి. ఆయన సరుకు విడిపించే ఏజెంటుని నేనే. గేటు ముందే నా బల్ల. కనుక ఒక మహా పరిపాలనను దగ్గరుండి చూసే భాగ్యం నాకు కలిగింది.

కస్టమ్స్ ఆఫీసు పెద్ద, హాకిం ఢుంగానాగారికి చిక్కొచ్చిపడింది. పీపాలు ఆపితే మంచుకొండల్లోకి బదిలీ. వదిలితే మంత్రిగారి మాట గంగపాలు. మామూలు అధికారి అయితే సెలవు పెట్టేవాడు. ఆయన నన్ను పిలిపించి, టారిఫ్ పుస్తకం తెరిచారు.

"ఇది దేంతో చేస్తారయ్యా?"

"బార్లీతో సార్."

"ఇంకా?"

"నీళ్లు."

"మరి జనం విస్కీ అంటారేం?"

"అలవాటండీ."

"జనం అలవాట్లను బట్టి ప్రభుత్వం నడవదు," అని ఆయన ఆ సరుకుని బార్లీ నీళ్ల పద్దు కింద రాశారు. బార్లీ నీళ్లు రోగుల పథ్యం. పన్ను లేదు.

ఆ ఏడాది విదేశీ విస్కీ దిగుమతి సున్నా. మంత్రిగారు ఆ సున్నాను సభలో చదివినప్పుడు ప్రతిపక్షం వాళ్లు కూడా బల్లలు చరిచారు. ఢుంగానాగారికి పతకం వచ్చింది. ఊళ్లో మాత్రం పథ్యం పుచ్చుకునేవాళ్లు బాగా పెరిగారు. పొద్దువాలేసరికి రోగులు పాటలు పాడుకుంటూ ఇళ్లకు పోయేవారు.

తర్వాత ఖజానాలో లోటు కనిపించింది. విస్కీ మీద రావలసిన పన్ను రాలేదు. మంత్రిగారు హాకింకి ఫోన్ చేశారు.

"విదేశీది ఆపేశాం. అయినా జనం తూలుతున్నారు. అంటే ఎవరో ఇక్కడే తయారుచేసి పన్ను ఎగ్గొడుతున్నారు. పట్టుకో."

ఢుంగానాగారు ఫోన్ పెట్టేసి కిటికీలోంచి చూశారు.

గేటు పక్కన సుగియా దేవి తోపుడుబండి ఉంది. వేయించిన బార్లీ పిండిని కుండలో నీళ్లతో కలిపి, ఉప్పు వేసి, నిమ్మరసం పిండి ఆమె సత్తు అనే జావ అమ్ముతుంది. హమాలీలకి మధ్యాహ్నం అదే తిండి. హాకింగారికీ రోజూ ఒక లోటా వెళ్తుంది. ఆ బండి మీదే ఆమె ఇంటిల్లిపాదీ బతుకుతున్నారు.

కాసేపట్లో బండి జప్తయి గోదాములోకి పోయింది. సుగియా దేవి హాకింగారి గదిలోకి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"హాకిం బాబూ, నా బండి ఎవరి కొంప కూల్చింది?"

"నువ్వమ్మేది దేంతో చేస్తావు?"

"బార్లీతో."

"ఇంకా?"

"నీళ్లు. రోజూ తాగుతారు, మీకు తెలీదూ?"

"అది విస్కీ."

ఆమె నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

"ఇన్నేళ్లు తాగారు గదా. ఒక్కనాడైనా తూలారా?"

"తూలడం మా శాఖ చూడదమ్మా. పదార్థం ఏమిటన్నదే చూస్తుంది."

"ఉప్పేస్తాను. నిమ్మకాయ పిండుతాను. విస్కీలో పిండుతారా?"

"అయితే అది కాక్‌టెయిల్. దానికి పన్ను ఇంకా ఎక్కువ."

"మరి ఆ పీపాల్లోది? అదీ బార్లీయే, నీళ్లే అంటున్నారుగా."

"అది విదేశీ. విదేశీ విస్కీ రావడం లేదు కాబట్టి అది విస్కీ కాదు. నీది దేశీ."

ఇంత స్పష్టంగా చట్టం చెప్పేవాళ్లు మా జిల్లాలో లేరు.

సుగియా దేవి గేటు ముందు గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. బండి ఇచ్చేదాకా పచ్చి గంగ ముట్టనంది. హమాలీలు బరువులు దించడం మానేశారు. లారీలు సరిహద్దు దాకా బారులు తీరాయి. వాటిలో తోడల్లుడిగారి కొత్త పీపాలు కూడా ఇరుక్కున్నాయి. అది తెలిసి మంత్రిగారి గుండె కరిగింది. కెమెరాలతో సహా స్వయంగా వచ్చి, గోనెపట్టా మీద ఆమె పక్కనే కూర్చున్నారు.

"అక్కా, దీక్ష మానెయ్. నీ బండి నీకిప్పిస్తాను."

"నలుగురూ విన్నారా?" అందామె నీరసంగా.

"విన్నాం," అన్నారు హమాలీలు.

ఎవరో పళ్లరసం తెచ్చారు. ఢుంగానాగారు వారించారు. "ఎండిన కడుపు సార్. పులుపు పడదు. పథ్యమే శ్రేష్ఠం."

మంత్రిగారి వెంట వచ్చిన కేదార్‌మాన్‌గారే గోదాములోకెళ్లి ఇత్తడి గ్లాసు నిండా పథ్యం పట్టుకొచ్చారు. మంత్రిగారు దాన్ని ఆమె నోటికి అందించారు. ఆమె వాసన చూసి తల వెనక్కి తీసుకుంది.

"ఇది తాగితేనే బండి ఇస్తారా బాబూ?"

"తాగితేనే కదక్కా దీక్ష విరమించినట్టు."

కళ్లు మూసుకుని గటగటా తాగింది. చప్పట్లు మోగాయి.

కాసేపటికి ఆమె లేవబోయి ఢుంగానాగారి మెడ పట్టుకుంది. ఆ తర్వాత మంత్రిగారి టోపీ తీసి తన నెత్తిన పెట్టుకుని, ఆయన గురించి చాలా సంగతులు చెప్పింది. పత్రికలు వాటిని వేయలేదు. డాక్టరు వచ్చి ఆమె నోరు వాసన చూశాడు.

"విస్కీ," అన్నాడు.

మంత్రిగారు తన టోపీ వెనక్కి తీసుకుని సర్దుకున్నారు. "దీక్షలో ఈవిడ ఏం తాగింది?"

"ఏమీ తాగలేదు సార్, అందరూ సాక్షులే," అన్నారు ఢుంగానాగారు. "తమరి చేతి బార్లీ నీళ్లు తప్ప."

"బార్లీ నీళ్లకి మత్తు రాదు కదా?"

"రాదు సార్."

"అంటే?"

"సొంత సరుకే సార్. ఒంట్లో ముందునుంచీ ఉంది. కేసు రుజువైంది."

మంత్రిగారు బాధగా తలూపారు. బండి ఇప్పించాలని ఆయనకి ఎంతో ఉంది గాని, అది ఇప్పుడు సాక్ష్యం. దీక్ష ముగిసింది కనుక హమాలీలను పనిలోకి తోలారు. లారీలు కదిలాయి.

ఇద్దరు పోలీసులు సుగియా దేవిని జీపు ఎక్కించారు. ఆమె కడ్డీ పట్టుకుని నిలదొక్కుకుని, నా బల్ల వైపు తిరిగింది.

"గిరిధారీ బాబూ, మీవాళ్ల బార్లీలో ఉప్పు లేదు," అంది.