బొట్టు నిలవని కారు

సంసారాలు నాలుగు కాలాలపాటు చల్లగా ఉండాలంటే కార్లకు సిరామిక్ కోటింగ్ చేయించాలి!

నవ్వకండి. కోటింగ్ వేసేవాళ్లు చెప్పమంటే చెబుతున్న మాట కాదిది. సంతోష్‌నగర్‌లో పాల డెయిరీ నడుపుకునే రామ్‌చందర్ ఇంట్లో, ఆయన భార్య ఆండాలు కళ్లారా చూసి, ఒళ్లారా అనుభవించిన సత్యం. ఆమె అనుభవించింది. మీరు చదివి బాగుపడితే చాలు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సిరామిక్ కోటింగ్ అంటే కారు రంగు మీద పూసే, కంటికి కనిపించని గాజులాంటి పొర. అది ఉంటే నీళ్లు నిలవవు, దుమ్ము అంటదు, ఎండకు రంగు వెలవదు. కొత్త కారు కొత్తగానే ఉండిపోతుంది. పెళ్లయ్యాక మనుషులెవరూ కొత్తగా ఉండరు కదా! ఇంట్లో ఒక్కటైనా ఉండొద్దూ?

రామ్‌చందర్ దసరాకు ముందు నల్ల కారు కొన్నాడు. ఎందుకు కొన్నాడో షోరూంలో అందరి ముందూ ఆయనే చెప్పాడు. ఆండాలుకు ఆటోలో కూర్చుంటే నడుము పట్టేస్తోందట, పుట్టింటికి కార్వాన్ దాకా పోయి రావాలంటే ప్రాణం మీదికొస్తోందట. ఆ మాటకు ఆండాలు సిగ్గుపడి, కొంగు సర్దుకుని, కారు హారన్ ఎట్లా మోగుతుందో చూపించమంది.

కారు షోరూం నుంచి ఇంటికి రాలేదు. తిన్నగా డానియేలు దగ్గరికి పోయింది. డానియేలుకు కార్లను తోమి, మెరిపించి, కోటింగ్ వేసే స్టూడియో ఉంది. అవును, స్టూడియోనే! మన పెళ్లి ఫోటోలు తీసిన చోటు కంటే చల్లగా, శుభ్రంగా ఉంటుంది. పని అయ్యాక డానియేలు రామ్‌చందర్ భుజం తట్టి, వారం దాకా నీళ్లు తగలనివ్వొద్దని చెప్పి, ఆఖరికి ఒక మాటన్నాడు.

"ఇగ నీకు ఫికర్ లేదన్నా. బేఫికర్ తిప్పుకో."

ఫికర్ మొదలైంది ఆ రోజే.

దసరా నాడు ఆండాలు పసుపు తడిపి, కుంకుమ పళ్లెం పట్టుకుని బయటికొచ్చింది. బండి కొంటే బానెట్ మీద స్వస్తిక్ వెయ్యకుండా ఎవరైనా ఉంటారా? రామ్‌చందర్ ఉన్నాడు. పసుపులో ఏ రంగు కలుపుతున్నారో, కుంకుమలో ఏ రసాయనం ఉందో అని గుమ్మం దగ్గరే అడ్డం పడ్డాడు. ఆఖరికి బతిమాలితే ఒక్క బొట్టుకు ఒప్పుకున్నాడు. ఆండాలు డోరు మీద పెట్టింది. తడి పసుపు గుండ్రంగా ముడుచుకుని, తామరాకు మీద చినుకులా జారి, నేలమీద పడింది. ఇంకోటి పెట్టింది. అదీ జారింది.

"సూసినవా, ఎంత మంచిగ పని చేస్తున్నదో!" అని రామ్‌చందర్ చప్పట్లు కొట్టాడు.

బొట్టు నిలవని దాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నామని ఆండాలు గుండె మాత్రం కాస్త జారింది. అయినా తుడవడానికి వంగింది. డోరులో తన ముక్కుపుల్లతో సహా మొహమంతా కనిపించింది. పుట్టింట్లో బీరువా అద్దం కూడా ఇంత తేటగా ఉండేది కాదు. పాలవాళ్ల సదర్ పండుగ నాడు వాళ్ల నాయిన ఆ బీరువా అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టేవాడు. అదెందుకో గుర్తొచ్చింది.

ఇక నిమ్మకాయలు. నిమ్మరసంలో యాసిడ్ ఉంటుంది కాబట్టి, వాటిని పక్కింటివాళ్ల స్కూటర్ చక్రాల కింద పెట్టి, ఆ స్కూటర్ చేత కారు తరఫున తొక్కించారు. గుమ్మడికాయను గల్లీ చివర పగలగొట్టారు. దిష్టి అంత దూరం నడుచుకుంటూ పోయి ఉంటుందని ఆశిద్దాం.

ఇప్పుడు లాభాలు చూడండి.

మొదటిది ఆరోగ్యం. కారు కొన్న దగ్గర్నుంచి ఆ ఇంట్లో అందరూ నడుస్తున్నారు. ఎండలో తీస్తే వేడి కొడుతుంది, వానలో తీస్తే నీటి మరకలు పడతాయి, మబ్బు పడితే వాన రావచ్చు. రోడ్డంతా తవ్వి పెట్టారు కాబట్టి కంకర ఎగిరి తగులుతుంది. కంకర లేనిచోట బురద ఉంటుంది. కూరగాయలకు కారులో పోవడమనే చెడ్డ అలవాటు ఆ ఇంటికి అంటనే లేదు. ఊళ్లో కార్లన్నిటికీ కోటింగ్ వేయించారనుకోండి, హైదరాబాద్‌లో ట్రాఫిక్ అనేదే ఉండదు! ఫ్లైఓవర్ల మీద హాయిగా వడియాలు ఎండబెట్టుకోవచ్చు. ఇంతకంటే గొప్ప పథకం ఎవరైనా తేగలరా?

రెండోది శుభ్రత. కారు తుడిచే మెత్తటి బట్టలు మూడు రంగులవి వచ్చాయి. పచ్చది ఒంటికి, నీలం అద్దాలకు, బూడిద రంగుది చక్రాలకు. వాటిని మెషీన్‌లో వెయ్యకూడదు, బట్టల సబ్బు తగలకూడదు, పిండకూడదు, నీడలో ఆరేయాలి. ఆండాలు తన చీరలన్నీ మెషీన్‌లో పడేసి, వీటిని మాత్రం పసిపిల్ల పొత్తిగుడ్డల్లా చేత్తో జాడించేది. ఒకసారి పొరపాటున పచ్చ బట్టతో కుక్కర్ మూత తుడిచింది. రామ్‌చందర్ అన్నం తినకుండా లేచి, వెళ్లి కారు పక్కన కూర్చున్నాడు. మగవాళ్లకు అంత సున్నితమైన మనసుంటుందని కోటింగ్ రాకముందు మనకు తెలుసా?

మూడోది మాటామంతీ. ముప్పొద్దులా గడ్డి, దాణా, పాల క్యాన్ల గురించి తప్ప మాట్లాడని మనిషి, సాయంత్రం కాగానే కారు కవరు కింద చెయ్యి పెట్టి, చెమ్మ తగిలిందా, ఉక్క పోస్తోందా అని చూసేవాడు. దీపావళికి రాకెట్ల నిప్పురవ్వలు పడతాయని ఇంట్లో బొంతలన్నీ తెచ్చి కప్పాడు. ఇంటివాళ్లు దుప్పట్లతో సర్దుకున్నారు. ప్రేమ చూపించడం రానివాడని ఇన్నేళ్లూ ఆయన్ని ఆడిపోసుకున్నందుకు ఆండాలు లోపల్లోపల ఎంతో బాధపడింది.

ఇంత మేలు జరుగుతున్నా ఆడవాళ్లకు తృప్తి ఉండదు కదా! ఆండాలుకు ఒకే ఒక్క కోరిక మిగిలిపోయింది. కార్వాన్‌లో పుట్టింటి ముందు కారు దిగాలి. డోరు ధబ్‌మని వెయ్యాలి. అంతే.

దీనికి కారణం ఆమె మరదలు అమల. దసరా మర్నాడు జమ్మి పెట్టడానికి ఆండాలు ఆటోలో పోతే, తమ్ముడి భార్య అమల గేటు దగ్గరే నిలబడి, ఎంతో ప్రేమగా అడిగింది.

"కారు కొన్నరంటిరి గద వదినా? ఆటోల అచ్చినవేంది?"

కారు ఆరుతున్నదని ఎవరికైనా ఎట్లా చెప్పాలి? బియ్యం ఆరతాయి, బట్టలు ఆరతాయి. ఆండాలు ఏదో చెప్పి తప్పించుకుంది. ఆ జమ్మి ఆకుల మీదే ఒట్టు పెట్టుకుంది. తమ్ముడింట్లో దీపావళి వెళ్లాక కేదారేశ్వర నోము ఉంది, ఆడబిడ్డగా తను పోవాలి, పోతే కారులోనే పోవాలి.

నోము సదర్ మర్నాడు పడింది. సదర్ అంటే తెలుసు కదా, దీపావళి అయ్యాక పాలవాళ్లు తమ దున్నపోతులను సింగారించి ఊరేగించే పండుగ. ఆండాలు సదర్‌కు ముందు రోజే, నోముకు కారులో పోదామని అడిగింది. అప్పటికే రామ్‌చందర్ పెదనాయన కొడుకు మైసయ్య, తన తబేలాలో, అంటే పశువుల కొట్టంలో, దున్నను ఊరేగింపుకు తయారు చేస్తున్నాడు. రామ్‌చందర్ బాధగా తల అడ్డంగా ఊపాడు.

"సదర్ అయినంక రోడ్డు నిండ పేడ ఉంటదే. టైర్లకు తగిలి డోర్ల మీదికి చిల్లుతది. ఆటో మాట్లాడ్త తియ్."

ఈ మనిషి పుట్టింది పేడలో, పెరిగింది పేడలో, పెళ్లిచూపులకొచ్చినప్పుడు చెప్పులకున్నదీ పేడే. ఆండాలు ఆయన మొహంలోకి చూసింది. లోపలికిపోయి పాలు కాచింది.

సదర్ నాడు సాయంత్రానికి చుట్టాలంతా గల్లీలో చేరారు. ఆండాలు అందరికీ చాయ్ ఇచ్చి, మెల్లిగా భర్త పక్కకొచ్చింది.

"సుట్టపోళ్లంత వచ్చిండ్రు. నువ్వేమొ కారుకు బొంతలు కప్పి పెడ్తివి. కొన్నట్టు ఎవలకు తెలుస్తదయ్యా?"

ఇది నిజమే కదా! రామ్‌చందర్ బొంతలు తీశాడు, కవరు తీశాడు, పచ్చ బట్టతో తుడిచాడు. ఎడమవైపు వెనక డోరు మీద ఏదో మసకగా ఉన్నట్టుందని ఆండాలు చూపిస్తే, దాన్ని ఇంకాస్త తుడిచాడు. కారు నల్లటి నిలువుటద్దంలా మెరిసింది.

అప్పుడొచ్చాడు నవాబు. నవాబు అంటే మైసయ్య దున్న. వెంట్రుకలన్నీ గొరిగి, ఒళ్లంతా ఆవనూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, మెడలో గవ్వల దండ, నెత్తిన నెమలీకలు. ముందు మర్ఫా డప్పుల మోత. మైసయ్య మీసం తిప్పి, తమ్ముడి కారు వైపు చూశాడు.

"నువ్వు గాజు పూపిచ్చినవట. నేను నూనె పూసిన. ఏది మెరుస్తదో సూడరాదు తమ్మీ."

ఇక్కడే రామ్‌చందర్‌కు పాలవాడి బుద్ధి మందగించి, కారువాడి బుద్ధి పైకొచ్చింది. "గీ పక్కకు తీస్కరా అన్నా, రెండిట్ని కలిపి ఫోటో దిగుదం" అన్నాడు.

నవాబును డోరు ముందుకు తెచ్చారు. నవాబు చూశాడు. డోరులో ఇంకో దున్న ఉంది. తనంత నలుపు, తనంత నిగనిగ. తన కొమ్ముల రంగే, తన నెమలీకలే! తన గల్లీలో, తన పండుగ నాడు! నవాబు బుస కొట్టాడు. అదీ కొట్టింది. తల వంచాడు. అదీ వంచింది.

ధనేల్!

డోరు పళ్లెంలా లోపలికి పోయింది. అవతలి దున్న మాయమైంది. నవాబు గెలిచినట్టు లెక్క వేసుకుని, మర్ఫాకు తగ్గట్టు ముందు కాళ్లు ఎత్తాడు. జనం ఈలలేశారు. రామ్‌చందర్ మాత్రం పచ్చ బట్ట గుండెలకు హత్తుకుని కూలబడ్డాడు.

మైసయ్య తిట్టింది దున్నను కాదు, తమ్ముణ్ని. "అద్దం ముంగటికి దున్నను తోలుకరమ్మంటవార? సదర్ నాడు బీరువల అద్దాలు సుత తిప్పి పెట్టుకుంటం గదరా మనం!"

పాలవాళ్ల ఇంట్లో పుట్టిన ఆండాలుకు ఈ సంగతి తెలియదా అని మీరడగొచ్చు. మనం మాట్లాడుకుంటున్నది కోటింగ్ గురించి. దయచేసి పక్కదారి పట్టకండి.

డానియేలు వచ్చాడు. టార్చి వేసి, వేలితో రాసి, పైనుంచి కిందికి పరీక్షించాడు. మొహం వెలిగిపోయింది.

"ఒక్క గీత పడలే అన్నా! రంగు లేవలే, పొర లేవలే. రేకు వంగింది గంతే. మన కోటింగ్ గట్లుంటది మరి."

చూశారా! దున్నపోతు పొడిచినా చెక్కు చెదరలేదు. ఇంతకంటే రుజువు ఎవరివ్వగలరు?

తెల్లారి రామ్‌చందర్ చాలాసేపు సొట్ట ముందు నిలబడ్డాడు. తర్వాత ఏదో బరువు దించుకున్నవాడిలా తాళాలు తీశాడు.

"అయ్యేదేందో అయిపాయె. ఇగ దేనికి భయపడాలె? కూసో, కార్వాన్ పోదాం."

ఆండాలు బయల్దేరే ముందు పసుపు తడిపి తెచ్చింది. సొట్టలోని మడతలో బొట్టు పెట్టింది. నిలిచింది. కాసేపు చూసింది. జారలేదు. వెనక డోరు తెరుచుకోవడం లేదు కాబట్టి, ముందు సీట్లో భర్త పక్కన కూర్చుంది.

కార్వాన్‌లో దిగింది. డోరు ధబ్‌మని వేసింది. రామ్‌చందర్ కిమ్మనలేదు. అమల గేటు దగ్గరికొచ్చి, కారు చుట్టూ తిరిగి, సొట్ట ముందు ఆగింది.

"కొత్త కారుకు గిదేంది వదినా?"

"దిష్టి సుక్క" అంది ఆండాలు, లోపలికి నడుస్తూ.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో రామ్‌చందర్ ఈల వేశాడు. పత్తర్‌గట్టి బట్టల బజారు రద్దీలో ఎవడిదో స్కూటర్ హ్యాండిల్ డోరుకు రాసుకుంటే దిగి చూడలేదు. చీరలేమైనా చూస్తావా అని బండి పక్కకు ఆపాడు కూడా. ఆండాలుకు పెళ్లయిన కొత్తలో తప్ప ఆయన ఇట్లా అడిగిన గుర్తు లేదు. సొట్టపడ్డ మనిషితో ఇంత సుఖంగా ఉంటుందా!

అందుకే మళ్లీ మనవి చేస్తున్నాం, కోటింగ్ చేయించుకోండి. వేసేవాళ్లకు కూడా ఒక విన్నపం. ప్రతి కోటింగ్‌తో పాటు ఒక దున్నను ఉచితంగా ఇవ్వండి. అప్పుడే పని పూర్తయినట్టు.

ఇంటి ముందు కారు ఆగింది. రామ్‌చందర్ దిగి, సొట్టను ప్రేమగా నిమిరి, సంతోషంగా చెప్పాడు. "డానియేలుతోని మాట్లాడిన. వచ్చే వారం డోరు మార్పిస్త. ఈసారి డబుల్ కోటింగ్."

ఆండాలు తలూపింది. చేతిలో నోము ప్రసాదం తీసుకుని, తిన్నగా మైసయ్య తబేలాకు పోయింది. ఒక అరిసె నవాబు నోట్లో పెట్టి, నుదురు గోకుతూ అడిగింది.

"బావా, దీన్ని మల్ల ఎప్పుడు బయటికి తీస్తరు?"