మాట్లాడకూడని అడవి

హుజూరాబాద్‌లో పత్తి విత్తనాలు అమ్మే సంతోష్‌రావు నోట్లో నువ్వుగింజ నానదు. కూతురు దీక్షితకు వచ్చిన రెండు మంచి సంబంధాలను ఆ నోరే చెడగొట్టింది. ఒకరి ఇంటికి వెళ్లి వాస్తు బాగాలేదన్నాడు. ఇంకొకాయనకు అడగకుండానే బట్టతలకు మందు చెప్పాడు. ఈసారి వచ్చింది దీక్షిత మనసుపడ్డ ఆదిలాబాద్ అబ్బాయి సంబంధం. అందుకే పెద్దలు కలుసుకునే చోటు ఆ పిల్లే చూసింది: ఒకప్పుడు దొరలు వేటాడిన కవ్వాల్ అడవిలో జీపు సవారీ, అదీ తెల్లవారుజామున.

"అడవిల మాట్లాడితే జంతువులు బెదురుతయ్ బాపు. నీకు గదే మంచి జాగ. ఏమైనా గానీ, జీపు దిగేదాక నోరు తెరువనని నా మీద ఒట్టెయ్యి."

పిల్ల కళ్లలో భయం చూసి సంతోష్‌రావు నిజంగానే బాధపడ్డాడు. ఒట్టు వేశాడు.

అడవి గేటు దగ్గర పెళ్లికొడుకు తల్లిదండ్రులు జలపతిరావు, లీలాబాయి కలిశారు. నలుగురూ జీపెక్కగానే సంతోష్‌రావు భార్య పద్మలత, లీలాబాయి చేతిలో సకినాల డబ్బా పెట్టింది. కరీంనగర్ వైపు సకినాలు పెట్టకుండా వియ్యం మాట ఎత్తరు. జీపు అడవిలోకి వెళ్లాక జలపతిరావు మర్యాదకు ఒకటి కొరికాడు. ఆ కరకరకు పొదలోని నెమళ్లు ఎగిరిపోయాయి.

"సార్, సప్పుడు చెయ్యకుండ్రి," అన్నాడు డ్రైవర్ సిద్దిరాములు.

జలపతిరావు సగం సకినం బుగ్గన పెట్టుకుని ఆగిపోయాడు. నోటికాడి తిండి ఆగితే సంతోష్‌రావు ప్రాణం ఒప్పుతుందా? 'తినండి' అనలేక చెయ్యి ఊపాడు. లీలాబాయికి అది 'ఇక చాలు' అన్నట్టు కనిపించింది. ఆవిడ మూత బిగించి డబ్బాను పద్మలత ఒళ్లో పెట్టేసింది.

జలపతిరావు గుసగుసగా అడిగాడు. "బావగారు, లగ్గం ఎప్పుడు పెట్టుకుందాం?"

సంతోష్‌రావు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"మంచిగ అడిగితే నోరు మూసుకొమ్మంటుండు చూడు," అని భార్యతో అని జలపతిరావు అటు తిరిగి కూర్చున్నాడు. లీలాబాయీ అటే తిరిగింది. పద్మలత సర్దిచెప్పబోతే సిద్దిరాములు మళ్లీ "ష్" అన్నాడు. ఆవిడ కళ్లు మూసుకుని కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది.

సరిగ్గా అప్పుడే సంతోష్‌రావు పక్కనున్న వెదురు పొదలోంచి పులి వచ్చింది. తీరిగ్గా ఒళ్లు విరుచుకుని, జీపును ఒకసారి చూసి, వెనకనుంచి బాట దాటింది. సంతోష్‌రావుకు మాట నోటిదాకా వచ్చింది. కూతురు గుర్తొచ్చి మింగేశాడు. సైగ చేద్దామంటే ఇందాకటి సైగ ఫలితం డబ్బాలోనే ఉంది.

గేటు చేరాక సిద్దిరాములు నవ్వాడు. "నసీబున్నోళ్లు సార్. పులి గంత దగ్గర్నుంచి పోయింది."

"పులా? ఎటు?" జలపతిరావు ఉలిక్కిపడ్డాడు.

"గీ సార్ పక్క నుంచే. అద్దంల చూసిన. అందరు గమ్మునున్నరు, చూస్తున్నరనుకున్న."

"చూసినవా బావా?"

సంతోష్‌రావు తల ఊపాడు. ఇంకా జీపు దిగలేదు మరి.

జలపతిరావు పకపకా నవ్వాడు. "నీ నోరు ఆగదు, అందరిని పరేషాన్ చేస్తవని మీ ఊర్లె చెప్పిండ్రు. గయినా వచ్చిన. ఇందాక నువ్వు పెదవుల మీద వేలు పెట్టంగనే సంబంధం వద్దనుకున్న. నువ్వు పులొస్తె సుత పెదవి కదపలే! లోకం ఎంత అబద్ధాలాడుతది! వచ్చే నెలల లగ్గం. నడువుండ్రి, ఇయ్యాల బువ్వ మా ఇంట్లనే."

సంతోష్‌రావు కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత జీపు దిగాడు. జలపతిరావు కారులో ఆయన పక్కనే కూర్చున్నాడు.

"బావగారు, గా పులి ఉన్నది చూడు..."

కారు ఆదిలాబాద్‌లో ఇంటి ముందు ఆగేసరికి కథ ఇంకా పులి మీసాల దగ్గరే ఉంది.