తెలుగు అర్థం కాకపోవడంలో శిక్షణ

మానవజాతి ఇంతకాలం నేర్చుకోవడం మీదనే దృష్టి పెట్టి చాలా నష్టపోయింది. వచ్చిన భాష రానట్టు ఉండే విద్యకు పుట్టినిల్లయ్యే భాగ్యం చివరకు అమలాపురం శివార్లలో, కొబ్బరితోటల నడుమ వెలసిన ఒక అంతర్జాతీయ పాఠశాలకు దక్కింది.

అక్కడ సహాయోపాధ్యాయినుల విధులు మూడు: పిల్లల ముక్కులు తుడవడం, బూట్ల తాళ్లు కట్టడం, తెలుగు అర్థం కాకుండా ఉండడం. మొదటి రెండింటికీ శిక్షణ లేదు (ఆడవారికి అవి పుట్టుకతోనే వస్తాయని యాజమాన్యం అభిప్రాయం). మూడోదానికి మాత్రం దిండి రిసార్టులో తరగతులు పెట్టారు. శిక్షకులు రాయవరం నాగేంద్రబాబు గారు (విదేశీ నిపుణులు, ఒకసారి దుబాయిలో విమానం మారేరు).

ఆ తరగతులకు వచ్చిన ఝాన్సీకి చివర పెట్టే పరీక్ష గట్టెక్కక తప్పదు. ఉద్యోగం ఖాయమైతేనే ఆమె కూతురికి అదే బడిలో ఫీజు లేని సీటు.

"మీ కాలి దగ్గర జెర్రి ఉందండీ," అన్నారు నాగేంద్రబాబు గారు, తాపీగా.

ఝాన్సీ కుర్చీ ఎక్కేసింది.

"చూసేరా? అర్థమైపోయింది మీకు. తప్పేరు."

"జెర్రంటే భయం ఉండదాండీ?"

"ఉండాలండీ. సెంటిపీడ్ అన్నాక ఉండాలి."

మర్నాడు, ఆఖరి పరీక్షగా, ఆయన పూతరేకుల పొట్లం విప్పి, "తీసుకోండమ్మా, నేతివి," అన్నారు. ఝాన్సీ శిలలా కూర్చుంది. పక్కనున్న రామలక్ష్మి చెయ్యి చాపింది. ఆ పూతరేకుతోనే ఇంటికి పోయింది.

అలా నెగ్గిన ఝాన్సీ పనితీరును చూడడానికి ప్రిన్సిపాల్ బాలాత్రిపురసుందరి గారు స్వయంగా వచ్చి, పసిపిల్లల తరగతిలో వెనక బల్ల మీద కూర్చున్నారు. అప్పుడే శ్రీవల్లి అనే నాలుగేళ్ల పిల్ల ఝాన్సీ కొంగు పట్టుకుంది.

"మిస్సండీ, ఒంటికొస్తందండీ."

పిల్ల ఇంగ్లీషులోకి వచ్చేవరకు చిరునవ్వుతో చూస్తూ ఉండాలన్నది నియమం. ఝాన్సీ నవ్వింది. పిల్ల మళ్లీ అడిగింది. మళ్లీ నవ్వింది. మూడోసారి పిల్ల అడగలేదు. కాళ్లు మెలిపెట్టి, ఏడుపు మింగుతూ, ఆ నవ్వుకేసి చూసింది.

ఝాన్సీ వెనక బల్లకేసి ఒక్కసారి చూసి, పిల్లను చంకనేసుకుని పరుగెత్తింది. గౌను తడవలేదు.

సాయంత్రం విచారణ.

"ఆ పిల్ల ఏమందో మీకెలా తెలిసిందండీ?"

"కాళ్లు మెలిపెట్టిందండీ. కళ్లున్నవాళ్లకి తెలుస్తుంది కదండీ."

"ఆయ్. అయితే కళ్లకు కూడా శిక్షణ ఇవ్వాలన్నమాట," అని ప్రిన్సిపాల్ గారు నాగేంద్రబాబు గారి వైపు తిరిగారు. ఆయన తల పంకించారు.

అనంతరం ఝాన్సీని తొలగిస్తూ ఉత్తర్వు వెలువడింది. విషయం గంభీరమైనది గనుక, ఒక్క మాటైనా అర్థం కాకుండా పోకూడదని, ప్రిన్సిపాల్ గారు దాన్ని ఆమెకు చక్కని తెలుగులో చదివి వినిపించారు.