సదానందం ఇంట్లో నిలిచిన పొగ

2008 ఏప్రిల్ 11, శుక్రవారం ఉదయం ఆరున్నరకు గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ గని అంచున బొగ్గు కుప్ప అంటుకుంది. ఏడింటికల్లా పొగ పక్క కాలనీ క్వార్టర్లలోకి వచ్చింది. జనం దగ్గారు, తిట్టారు.

పొగ వరమని వాళ్లకు తెలియదు. సదానందానికి తెలుసు!

సదానందం అండర్‌గ్రౌండ్ గనిలో ఇరవై తొమ్మిదేళ్లు చేసిన మనిషి. పదిరోజుల్లో మెడికల్ బోర్డు. అన్‌ఫిట్ అంటే అతని బదులు కొడుకు శివకు గనిలో కొలువు. ఫిట్ అంటే శివకు మళ్లీ షేర్ ఆటోనే. ఇంత అవసరంలో ఉన్నవాడికి పొగను ఇంటికే తెచ్చిచ్చే ఊరు ఇంకెక్కడుంది? పెద్దపల్లిలో ఉందా?

అతను సెలవు పెట్టాడు. పొగ లోపలికి రాకుండా ఊరంతా కిటికీలు మూస్తే, వచ్చిన పొగ పోకుండా తను మూశాడు. తలుపు కింద తడిగుడ్డ కుక్కాడు. మామిడికాయలను మాగబెట్టినట్టు ఊపిరితిత్తులను మాగబెట్టాలని ఆలోచన.

పక్కింటి మల్లక్క వచ్చి చూసింది.

"ఏంది సదన్నా, పొగకు గూడ పహరా ఉంటున్నవా?"

"ఇది పొగ గాదు మల్లక్కా. మా శివ కొలువు."

మంట మూడోరోజు ఆరింది. పొగ మాత్రం పరుపుల్లో, చీరల్లో, పప్పులో ఉండిపోయింది. భార్య రాజకుమారి బొగ్గుల పొయ్యి దానికి తోడైంది. సదానందం గంటకోసారి చాయ్‌కి బయటికి పోయొచ్చాడు. ఎంత దీక్షలో ఉన్నా చాయ్ తాగొద్దా? రాజకుమారికి వంట ఉంది. ఆమె ఎక్కడికీ పోలేదు.

21న బోర్డు ముందు సదానందం ఊపిరి కొలిచే గొట్టంలో ఊదాడు. డాక్టరు కాగితం చూసి ఫిట్ అన్నాడు.

"ఇరవై తొమ్మిదేండ్లు బొగ్గు బాయిల చేసిన సార్."

"బాయిల ఇరవై నాలుగ్గంటలు ఫ్యాన్ తిరుగుతదయ్యా. గాలి మంచిగనే ఉంటది."

తోడొచ్చిన రాజకుమారి తలుపు దగ్గర బల్ల మీద దగ్గుతోంది. డాక్టరు ఆమెనూ పిలిచి ఊదమన్నాడు. మూడుసార్లు ఊదించాడు.

"ఏ బాయిల చేసినవమ్మా?"

"బాయి మొఖమే సూడలే సారూ. పొయ్యి కాడనే ఉంట."

సదానందం ముందుకు వంగాడు. "ఈమెది అన్‌ఫిట్టే గద సార్. దీని మీద పిలగానికి కొలువు ఇయ్యరా?"

ఆమె ఉద్యోగి కాదని డాక్టరు చెప్పాడు. మందులు రాశాడు, పొగకు దూరంగా ఉండమన్నాడు.

ఫారంలో సదానందం పేరు ఎదుట ఫిట్ అని పడింది. డ్యూటీ మంగళవారం మొదటి షిఫ్టు. రాజకుమారి పేరు రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

ఒంటిగంటకు ఇల్లు చేరారు. సదానందం కిటికీలు తెరిచాడు. రాజకుమారి పొయ్యి అంటించింది.