తేలిక బ్యాటరీ

"పెట్రోలు యుగం ముగిసింది! ఇక ఆకాశాన్ని ఏలబోయేది విద్యుత్ విమానమే! అది మొట్టమొదట రెక్క విప్పేది మన అమలాపురంలోనే!"

2002 ఎండాకాలంలో రిటైర్డు సైన్సు మాస్టారు బాలగంగాధరంగారు ఈ ప్రకటన చేశారు. దేశం అదిరిపోలేదు గానీ, ఆలమూరులో ఉన్న వియ్యంకుడు అవధానులుగారి చెవిన పడింది. మాస్టారికి కావలసిందీ అదే! కూతురు శ్రీకళ పెళ్ళిలో ఆ వియ్యంకుడు పంక్తిలో కూర్చుని, "మా బావగారివన్నీ మాటలేనండీ, చేతలు కనబడవు" అని గారె నములుతూ అన్నారు. గారె ఆయనకి ఆ పూటే అరిగిపోయింది. మాట మాత్రం మాస్టారికి ఇప్పటికీ అరగలేదు. అందుకే విమానం ఎగరేసే సభకి ముఖ్య అతిథిగా ఆయన్నే పిలిచారు.

ప్రకటన మాస్టారిదైనా విమానం కట్టింది శ్రీకళ. కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. వెదురు పుల్లలు, పల్చటి అట్ట, చిన్న మోటారు, ఒక మోటారుసైకిలు బ్యాటరీ.

"బ్యాటరీ తన బరువు తను మోసుకోవడమే గొప్ప నాన్నగారూ! పైన కొబ్బరి పుల్ల పడ్డా ఇది లేవదు. ఇంతకంటే తేలిక బ్యాటరీలు వస్తే తప్ప మనుషుల్ని మోసే విమానం కుదరదు. సభలో ఆ మాటే చెబుదామండి."

"చెబుదాం, చెబుదాం. ముందు ఎగరనీ."

సభ రోజున అవధానులుగారు స్కూలు ముందు కారు దిగారు. ఆయన వెనకాల విమానానికి తెచ్చిన లాంఛనాలు దిగాయి. బంతిపూల దండ, పట్టు కండువా, ఆయన పేరు చెక్కిన ఇత్తడి పలక, నడిపేవాడు లేకపోయినా దారిలో ఆకలేస్తుందేమోనని కాజాల పొట్లం! వియ్యాలవారు తెచ్చినదాన్ని వద్దనే పద్ధతి కోనసీమలో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. అన్నీ విమానమెక్కాయి.

స్కూలు మేడమీద శ్రీకళ మోటారు వేసి చూసింది. విమానం గుర్రుమంది. జానెడు కూడా లేవలేదు.

"దండ తీసేద్దామా నాన్నగారూ?"

"మీ మామగారు వేసిన దండే!"

"పోనీ పలక?"

"దానిమీద ఆయన పేరుందమ్మా!"

"కాజాలు?"

"మతి పోయిందా? మీ అత్తగారు స్వయంగా చేసి పంపించేరు!"

మాస్టారు విమానం చుట్టూ ఒకసారి తిరిగారు. అందులో అన్నిటికంటే బరువైనదీ, వియ్యాలవారు ఇవ్వనిదీ ఒక్కటే కనిపించింది.

"బ్యాటరీ తీసెయ్!"

"బ్యాటరీ లేకుండా బ్యాటరీ విమానమా?"

"గాలికి అదే పోతుంది. లోపలేముందో జనానికెందుకు? నా పరువు నీ చేతిలో ఉందమ్మా!"

శ్రీకళకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముక్కు తేలికైతే విమానం తిరగబడుతుందని, అక్కడ ఖాళీ అయిన బ్యాటరీ గూట్లో కాజాల పొట్లం సర్ది మూత పెట్టింది. బ్యాటరీని కింద వేదిక పక్కకి పంపేసింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మైకుసెట్టు నడిపే దానం అటూ ఇటూ చూసి, ఊరికే పడున్న ఆ బ్యాటరీకి తన వైర్లు తగిలించాడు. మైకు మళ్ళీ పలికింది. ఎలా పలికిందని మాస్టారు అడగలేదు. మైకు అందిన మనిషికి అలాంటి సందేహాలు రావు!

మేడమీంచి విమానాన్ని వదిలారు. సముద్రపు గాలి దాన్ని ఎత్తుకుని, కాలవ దాటించి, కోసేసిన వరిచేలో మెత్తగా దించింది. జనం ఒకటే ఈలలు! మాస్టారి కళ్ళు నిజంగానే చెమర్చాయి.

చేలోంచి తెచ్చిన విమానాన్ని అవధానులుగారు రెండు వేళ్ళతో ఎత్తి చూశారు.

"ఎంత తేలికండీ బావగారూ! ఇంత తేలిక బ్యాటరీ ఎక్కడా చూళ్ళేదు. ఆవేళ పెళ్ళిలో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానండి. ఏదీ, ఓసారి ఆ బ్యాటరీ చూపించండి!"

మాస్టారు మైకు గట్టిగా పట్టుకున్నారు. "అది విమానానికి గుండెకాయండీ. బయటికి తియ్యకూడదు."

"అలాక్కాదండి, చూడాల్సిందే! ఎవరక్కడ? ఆ బ్యాటరీ ఓసారి ఇలా పట్రండి!"

"ఆయ్!" అన్నాడు దానం. పెద్దవాళ్ళు అడిగితే కాదనే మనిషి కాడు.

"సోదరులారా! ఈ అద్భుతమైన బ్యాటరీ ఇప్పుడు విమానంలోనే..." అంటుండగా మాస్టారి గొంతు పుటుక్కున ఆగిపోయింది. పెదవులు మాత్రం ఆడుతున్నాయి. వైర్లు పీకేసిన బ్యాటరీని దానం రెండు చేతులా మోసుకొచ్చి అవధానులుగారి ముందు పెట్టాడు.

అవధానులుగారు బ్యాటరీని చూశారు. మైకుని చూశారు. విమానం గూటి మూత తీసి, ఒక కాజా నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలారు.

"ఇప్పుడర్థమయిందండి బావగారూ! ఎగిరినవి మా కాజాలు. బ్యాటరీమీద నడిచినవి మీ మాటలు."